నాన్న ట్రంకు పెట్టెలో నాలుగక్షరాలు

ఇక్కడ రాసి చాలా కాలమైంది. ఒక రిలీజు అయిపోయిందనుకునే లోపు ఇంకో రిలీజు. శనివారాలు కూడా ఆఫీసువే. ఈ టపా మాత్రం ఏడాదిగా బుర్రలో తిరుగుతోంది. కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిక చేసుకోండి.

మా నాన్న మాజీ సైనికుడు. మాది గిద్దలూరు వైపు ఓ పల్లెటూరు. మా వైపు ఇంటికొకరైనా మిలటరీలో ఉంటారు. గోదావరి జిల్లాల వాళ్ళకి మిలటరీ మాధవరం ఎలాగో మాకు మా ఊళ్ళు అలాగ. నాన్న 1991లో, పందొమ్మిదో ఏట చేరాడు. ఇరవైనాలుగేళ్ళు చేసి 2015లో హవల్దారుగా ఇంటికొచ్చాడు. వస్తూ ఒక నల్ల ట్రంకు పెట్టె, ఒక పెన్షను పుస్తకం, క్యాంటీన్ కార్డు, ఇంకా షుగర్ జబ్బు తెచ్చుకున్నాడు.

మొదటి మూడింటి గురించి ఊళ్ళో అందరికీ తెలుసు. నాలుగోదాని గురించి ఎవరూ మాట్లాడలేదు. షుగర్ అంటే ఈరోజుల్లో ఎవరికి లేదు చెప్పండి?

2021లో కరోనా పుణ్యమా అని ఊళ్ళోనే కూచుని పని చేస్తున్నాను. ఒకరోజు ఏదో బ్యాంకు కాగితం కోసం ఆ ట్రంకు పెట్టె తీశాను. పైన తెల్ల పెయింటుతో నాన్న ఆర్మీ నంబరు, పేరు. లోపల డిశ్చార్జి బుక్కు, పి.పి.ఓ., ఓ పాత ఉన్ని టోపీ, వాటి కింద రెండు పేజీల ఇంగ్లీషు ఉత్తరం. 2015 నాటిది. అందులో ఉన్న విషయం తెలుగులో చెప్పాలంటే ఇది: మీకు టైప్-2 మధుమేహం ఉంది, 20 శాతం వైకల్యం ఉంది, అది జీవితాంతం ఉంటుంది. కానీ అది సైనిక సేవ వల్ల వచ్చిందీ కాదు, సేవ వల్ల ముదిరిందీ కాదు. కాబట్టి వైకల్య పెన్షను రాదు.

"వల్ల వచ్చిందీ కాదు, వల్ల ముదిరిందీ కాదు" అనేదానికి ఇంగ్లీషులో పొడి అక్షరాలు నాలుగు: ఎన్, ఎ, ఎన్, ఎ. మాజీ సైనికులు దాన్ని ఒకే మాటగా "నానా" అంటారట. మా నాన్నకి నానా వచ్చింది :)

నవ్వొచ్చింది కానీ ఎక్కువసేపు నిలవలేదు. "ఇదేంటి నాన్నా, నువ్వు అప్పీలు చెయ్యలేదా?" అని అడిగాను.

"ఏం అప్పీలు రా. డాక్టర్లు రాశారు. వాళ్ళకంటే మనకెక్కువ తెలుసా? పెన్షను వస్తోంది కదా, చాల్లే" అన్నాడు.

అంతే. ఆరేళ్ళు ఆ ఉత్తరం ఆ పెట్టెలోనే ఉంది.

నా ఉద్యోగంలో రోజూ చేసేది ఒకటే పని. ఏదో తప్పు ఫలితం వస్తుంది, వెనక్కి వెళ్ళి ఏ నియమం వల్ల వచ్చిందో వెతకాలి. ఇదీ అలాగే మొదలుపెట్టాను. రాత్రిళ్ళు తీర్పులు, నియమాలు చదవడం మొదలుపెట్టాక నాకర్థమైంది ఏమిటంటే, ఇది ఒక్క మా ఇంటి కథ కాదు. ట్రైబ్యునల్ తీర్పుల్లో బీపీ, షుగర్ కేసులు కుప్పలు. అన్నింట్లోనూ దాదాపు అదే వాక్యం.

ముందు జబ్బు సంగతి. షుగర్‌ని మనం తీపి జబ్బు అనుకుంటాం గానీ అది హార్మోన్ల జబ్బు. ఇన్సులిన్ అనే హార్మోను తగ్గినా, ఉన్నదాన్ని ఒళ్ళు సరిగ్గా వాడుకోలేకపోయినా వచ్చేది. థైరాయిడ్ కూడా ఈ కుటుంబమే. ఒత్తిడిలో ఉన్నప్పుడు కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే ఇంకో హార్మోను వదుల్తాయి. అది రక్తంలో గ్లూకోజుని పెంచుతుంది. ప్రమాదం వచ్చినప్పుడు పరిగెత్తడానికి శక్తి కావాలి కదా, అందుకు. ప్రమాదం ఒక గంట ఉంటే ఫర్వాలేదు. రెండేళ్ళు ఉంటే?

నాన్న 2006 నుంచి 2008 దాకా కాశ్మీరులో ఉన్నాడు. ఉగ్రవాదుల ఏరివేత డ్యూటీ. పికెట్ మీద రెండు గంటలు సెంట్రీ, నాలుగు గంటలు రెస్టు, మళ్ళీ రెండు గంటలు. "రెస్టు అంటే నిద్ర అనుకునేవురా, బూట్లు విప్పకుండా కళ్ళు మూసుకోవడం" అంటాడు. తర్వాత మధ్యప్రదేశ్‌లో ఒక శాంతి స్థావరానికి బదిలీ. అక్కడికెళ్ళిన కొన్ని నెలలకి, 2009 మొదట్లో, షుగర్ బయటపడింది. ఆర్నెల్లు తాత్కాలికంగా, ఆ తర్వాత శాశ్వతంగా వైద్య శ్రేణి తగ్గించారు.

పీస్ స్టేషన్. ఈ మాట గుర్తుపెట్టుకోండి. కథంతా దీని చుట్టే.

మన దేశంలో సైనికుడికి వైకల్య పెన్షను రావాలంటే రెండు ప్రశ్నలకి జవాబు కావాలి. ఒకటి, వైకల్యం ఎంత శాతం? రెండు, అది సేవ వల్ల వచ్చిందా లేక సేవ వల్ల ముదిరిందా? సర్వీసు ముగిసేటప్పుడు విడుదల మెడికల్ బోర్డు అని ఒకటి కూచుంటుంది. ఈ రెండిటికీ ఒక ఫారం మీద జవాబు రాస్తుంది.

మొదటి ప్రశ్నలో ఉన్న లెక్క మా ప్రోగ్రామర్లకి బాగా నచ్చుతుంది. 20 శాతం లోపు అయితే సున్నా. 19 వచ్చినా సున్నానే. 20 దాటితే మాత్రం రౌండింగ్ ఉంది. 50 కంటే తక్కువుంటే 50గా, 50 నుంచి 75 మధ్య ఉంటే 75గా, ఆపైన 100గా లెక్కిస్తారు. 1996 నుంచి వర్తించేలా 2001లో ఇచ్చిన ఉత్తర్వు ఇది. మొదట్లో జబ్బు కారణంగా మధ్యలో ఇంటికి పంపినవాళ్ళకే ఇచ్చేవారు. సర్వీసు పూర్తి చేసి వచ్చినవాళ్ళకి కూడా ఇవ్వాలని 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

డబ్బుల్లో చెప్పాలంటే, నూరు శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం. లెక్క సులువు కోసం చివరి జీతం 10,000 అనుకుందాం. నూటికి నూరైతే 3,000. 20 శాతానికి 600. రౌండింగ్‌లో అది 50 అవుతుంది కాబట్టి 1,500. దాని మీద కరువు భత్యం. మేడలు కట్టే డబ్బేం కాదు. కానీ మా ఊళ్ళో నెలనెలా మందులకీ, పరీక్షలకీ, ఒంగోలు వెళ్ళొచ్చే ఖర్చులకీ సరిపోతుంది.

ఇక రెండో ప్రశ్న. అసలు గొడవంతా ఇక్కడే. 1982 నాటి నియమాల ప్రకారం, సైన్యంలో చేరేటప్పుడు చేసిన పరీక్షలో జబ్బు ఉందని రాయకపోతే ఆ మనిషి ఆరోగ్యంగానే చేరాడని అనుకోవాలి. తర్వాత ఆరోగ్యం చెడితే సేవ వల్లే చెడిందని అనుకోవాలి. కాదని బోర్డు అంటే, ఎందుకు కాదో కారణం రాయాలి. నిరూపించుకోవాల్సిన బాధ్యత సైనికుడిది కాదు. అనుమానం ఉంటే ఆ లాభం కూడా సైనికుడికే. 2013 జూలైలో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇదంతా విడమరిచి చెప్పింది. ఆయనది మూర్ఛ వ్యాధి. 1985లో సిగ్నల్స్‌లో చేరి, తొమ్మిదేళ్ళ తర్వాత 20 శాతం వైకల్యంతో ఇంటికొచ్చినవాడు. షుగర్, థైరాయిడ్, బీపీ కేసులన్నీ ఆ తీర్పు తలుపులోంచే నడిచాయి.

2008లో నియమాలు మార్చి కొంచెం బిగించారు. సర్వీసులో ఉండగా జబ్బు బయటపడినంత మాత్రాన సేవ వల్ల వచ్చినట్టు కాదన్నారు. అయినా, మామూలుగా నిరూపించే బాధ్యత సైనికుడి మీద పెట్టరాదన్న మాట అలాగే ఉంచారు. ఒక మెలిక పెట్టారు. దాని సంగతి చివర్లో చెప్తాను. ఈ టపా రాయడానికి ముఖ్య కారణం అదే.

మెడికల్ ఆఫీసర్ల కోసం ఒక మార్గదర్శక పుస్తకం కూడా ఉంది. టైప్-2 షుగర్ గురించి అందులో ఏముందంటే, ఫీల్డు ఏరియాలోనో, ఉగ్రవాద నిరోధక డ్యూటీలోనో, ఎత్తైన మంచు కొండల మీదో ఉండగా జబ్బు మొదలైతే సేవ వల్ల ముదిరినట్టు ఒప్పుకోవచ్చు. జబ్బు ఉందని తెలిశాక అలాంటి చోటికి పంపినా అంతే.

మా నాన్న కాగితంలో కారణం కింద రాసింది ఒకే వాక్యం. జబ్బు శాంతి స్థావరంలో మొదలైంది కాబట్టి సంబంధం లేదు అని.

ఇది చదివినప్పుడు నాకు ఆఫీసులో ఒక బగ్ గుర్తొచ్చింది. మా సిస్టంలో లోపం జరిగిన సమయం, లోపం నమోదైన సమయం అని రెండు వేర్వేరు గడులుండేవి. ఎవరో రెండోదాన్ని తీసుకుని మొదటిదిగా లెక్కేశారు. ఆ నెల రిపోర్టులన్నీ తప్పుల తడక. షుగర్ అయినా అంతే కదండీ. బయటపడిన రోజున పుట్టదు. ఏళ్ళ తరబడి చప్పుడు చెయ్యకుండా పెరుగుతుంది. పికెట్ మీద రక్తపరీక్షలు ఎవరు చేస్తారు? తీరిగ్గా పరీక్ష చేసే చోటు శాంతి స్థావరమే. కాబట్టి బయటపడేదీ అక్కడే. పరీక్ష జరిగిన చోటుని జబ్బు పుట్టిన చోటుగా రాసేస్తే ఎలా?

పైగా ఇంకోటుంది. 2011లో నాన్నని మళ్ళీ ఈశాన్యంలో ఫీల్డుకి పంపారు, రెండేళ్ళు, షుగర్ మాత్రల డబ్బాతో సహా. "మాత్ర అన్నం తిన్నాక వేసుకోమన్నారు. లంగరు నుంచి అన్నం ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు? ఒక్కోసారి మాత్రే ముందొచ్చేది" అన్నాడు నవ్వుతూ. మార్గదర్శక పుస్తకంలో ఉన్న రెండో షరతు అచ్చంగా ఇదే. బోర్డు కాగితంలో దాని ఊసే లేదు.

సరే, ఇప్పుడు నాకు నేనే అడ్డం తిరగాలి. ఏకపక్షంగా రాస్తే మీరొప్పుకోరని తెలుసు.

ఈ విషయం ఆఫీసు క్యాంటీన్లో చెప్తే ఒక స్నేహితుడు వెంటనే, "నాకు ముప్ఫైకే షుగర్ వచ్చింది. పన్నెండు గంటలు కుర్చీలో కూచుంటాను, అర్ధరాత్రి అమెరికా వాడితో కాల్సు. నాకెవడిస్తాడు పెన్షను?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. జీవనశైలి జబ్బుల పేరుతో వైకల్య పెన్షను తీసుకునేవాళ్ళు పెరుగుతున్నారని, దీన్ని దుర్వినియోగం చేసేవాళ్ళున్నారని ప్రభుత్వం వైపు నుంచి కూడా వాదన ఉంది. 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త నియమాలు తెచ్చింది ఆ వాదనతోనే. మాజీ సైనికుల సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. ఆ తేదీ తర్వాత రిటైరైనవాళ్ళకి లెక్క వేరుగా ఉంటుంది. నేను చెప్పేది అంతకు ముందువాళ్ళ సంగతి.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది, మరీ దగ్గరిది. పోయినేడు ఆఫీసువాళ్ళు చేయించిన హెల్త్ చెకప్‌లో నా మూడు నెలల షుగర్ సగటు 5.9 వచ్చింది. సరిహద్దు మీదున్నానన్నమాట. నాకింకా ముప్ఫై రాలేదు. నేను కాశ్మీరు టూరిస్టుగా కూడా వెళ్ళలేదు. అంటే నాన్నది వంశంలోంచి వచ్చిందేనేమో, బోర్డు రాసింది నిజమేనేమో? రిపోర్టు చూసుకున్న రాత్రి నిద్ర పట్టలేదు. నా ఆరోగ్యం గురించి కాదు, కేసు గురించి! అంత పిచ్చి పట్టింది.

తర్వాత నిదానంగా ఆలోచిస్తే తేలింది ఇది. నియమం అడిగేది "సేవ ఒక్కటే కారణమా" అని కాదు. వచ్చిందా, లేక ముదిరిందా అని. ఆ రెండో మాట ఊరికే పెట్టలేదు. విత్తనం ఒంట్లో ఉండొచ్చు. నీళ్ళు ఎవరు పోశారన్నది ప్రశ్న. పైగా నాకూ నాన్నకీ ఒక తేడా ఉంది. 5.9 చూసి నేను రాత్రి కాల్సు మానేశాను, సాయంత్రం నడుస్తున్నాను, మా మేనేజరు కాస్త మూతి ముడిచాడు, అంతే. నాన్న "నాకు షుగర్, రాత్రి సెంట్రీ చెయ్యను, అన్నం టైముకి పెట్టండి" అనగలడా? ఉద్యోగం మారిపోగలడా? తన ఒంటి మీద తనకి హక్కు లేని ఉద్యోగం అది. ఆ హక్కు తీసుకున్నవాళ్ళ మీద కొంత బాధ్యత కూడా ఉండాలి కదా. క్యాంటీన్ స్నేహితుడికి ఇదే చెప్పాను. పూర్తిగా ఒప్పుకోలేదు గానీ టీ డబ్బులు తనే ఇచ్చాడు :)

కోర్టులు కూడా ఈ దారిలోనే మాట్లాడుతున్నాయి. శాంతి స్థావరంలో బయటపడిందన్న ఒక్క కారణంతో షుగర్‌కి వైకల్య పెన్షను నిరాకరించడం కుదరదని, సేవ వల్ల కాకపోతే మరి దేనివల్లో బోర్డు కారణాలతో రాయాలని 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు చెప్పింది.

అమెరికావాళ్ళ పద్ధతి వేరు. వియత్నాం యుద్ధంలో అడవుల మీద ఏజెంట్ ఆరెంజ్ అనే మందు చల్లారు. అక్కడ పనిచేసిన సైనికుడికి టైప్-2 షుగర్ వస్తే, దానివల్లే వచ్చిందని అనుకుని పరిహారం ఇవ్వాలని 2001లో జాబితాలో చేర్చారు. థైరాయిడ్ తగ్గిపోయే జబ్బుని చేర్చడానికి 2021 జనవరి దాకా పట్టింది. యుద్ధం ముగిసింది 1975లో. ఒకదానికి ఇరవయ్యారేళ్ళు, ఇంకోదానికి నలభయ్యారు. ఈలోపు పోయినవాళ్ళు పోయారు. అక్కడా ఆలస్యమే. కాకపోతే, జాబితాలోకి వచ్చాక ప్రతి సైనికుడూ విడివిడిగా కోర్టు మెట్లెక్కి నా జబ్బు నా సేవ వల్లే వచ్చిందని మొదట్నుంచీ వాదించక్కర్లేదు. మన దగ్గర ఒకడు గెలిస్తే ఒకడికే. పక్కింటివాడు మళ్ళీ మొదట్నుంచీ.

నాన్నని ఒప్పించడానికి ఏడాది పట్టింది. డబ్బు కోసం కోర్టుకెళ్ళడం అంటే ఆయనకి అడుక్కోవడంలా అనిపిస్తుంది. చివరికి ఒప్పించింది నేను కాదు, మా ఊరి సుబేదారు పెదనాన్న. "ఒరేయ్, రేషను తక్కువిస్తే లంగరులో అడగవా? ఇదీ అంతే" అన్నాడు. ఒక్క మాట. నా నలభై పేజీల ప్రింటవుట్లు చెయ్యలేని పని.

2022లో అప్పీలు పెట్టాం. ఆలస్యమైందని ఒక వాక్యం, పాత కారణమే ఇంకో వాక్యం, అంతే జవాబు. తర్వాత సాయుధ దళాల ట్రైబ్యునల్. 2007 నాటి చట్టంతో 2009లో మొదలైనవి ఇవి. ఆంధ్రా, తెలంగాణ వాళ్ళకి చెన్నై బెంచి. 2024లో అక్కడ వేశాం, ఆలస్యాన్ని మన్నించమన్న దరఖాస్తుతో కలిపి. గెలిచినా చాలా కేసుల్లో పాత బకాయిలు, వేసిన తేదీకి మూడేళ్ళ వెనక వరకే ఇస్తున్నారు. అంటే పెట్టెలో ఉత్తరం పడున్న ప్రతి ఏడాదికీ ఒక ఖరీదు ఉంది. మాది ఇంకా నడుస్తోంది. వాయిదాలు పడుతున్నాయి.

మొన్నొక వాయిదాకి ఇద్దరం రైల్లో వెళ్తున్నాం. తెల్లవారుజామున గూడూరు దాటాక అడిగాను, "గెలిస్తే ఆ డబ్బుతో ఏం చేస్తావ్ నాన్నా?" అని.

కాసేపు కిటికీలోంచి చూశాడు. "డబ్బు సరే. ఆ కాగితం మీద రాసింది కొట్టేస్తారా?" అన్నాడు.

నాకు మొదట అర్థం కాలేదు. ఆయనే అన్నాడు, "ఇరవైనాలుగేళ్ళు రా. నా ఒంటికీ నా నౌకరీకీ సంబంధం లేదని రాశారు."

ఆరేళ్ళు ఆ ఉత్తరాన్ని పట్టించుకోలేదనుకున్నాను. ఉన్ని టోపీ కింద ఎందుకు దాచాడో అప్పుడర్థమైంది.

ఇక ముందు చెప్పిన మెలిక. 2008 నియమాల్లో ఇలా ఉంది: డిశ్చార్జి అయిన పదిహేనేళ్ళ తర్వాత, సర్వీసు రికార్డులు దాచే గడువు తీరి నాశనం చేశాక క్లెయిము పెడితే, నిరూపించే భారం సైనికుడిదే. మా భాషలో చెప్పాలంటే లాగ్ ఫైళ్ళు చెరిపేశాక బగ్ రిపోర్టు పెడితే నువ్వే రుజువు చూపించు అన్నమాట. నాన్నకి ఆ గడువు 2030. 2011లో ఇంటికొచ్చినవాళ్ళకి ఈ ఏడో వచ్చే ఏడో.

కాబట్టి మీ ఇంట్లో, మీ ఊళ్ళో మిలటరీ నుంచి వచ్చిన నాన్నో, బాబాయో, మావయ్యో ఉంటే ఒక పని చెయ్యండి. షుగరో, థైరాయిడో, బీపీయో సర్వీసులో ఉండగానే బయటపడిందా అని అడగండి. విడుదల మెడికల్ బోర్డు కాగితాల నకలు దగ్గరుందా చూడండి. లేకపోతే సమాచార హక్కు కింద వాళ్ళ రికార్డు ఆఫీసుని అడగండి. వైకల్యం 20 శాతమో ఆపైనో ఉండి, కింద ఆ నాలుగక్షరాలు ఉంటే, కారణం ఏం రాశారో చదవండి. పోస్టింగుల జాబితా తీసి, ఏ ఏడు ఎక్కడున్నారో, జబ్బు ఎప్పుడు బయటపడిందో, ఆ తర్వాత ఎక్కడికి పంపారో పక్కపక్కన రాసుకోండి. ఒక్క కాగితం చాలు. తర్వాత జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలోనో, ఈ కేసులు తెలిసిన వకీలు దగ్గరో కూచోండి. గెలుస్తారని నేను హామీ ఇవ్వలేను. మాదే ఇంకా తేలలేదు.

వాళ్ళంతట వాళ్ళు మాత్రం అడగరు. ఆ ట్రంకు పెట్టె మనమే తియ్యాలి.

వచ్చే వాయిదా తర్వాత ఏమైందో రాస్తాను. ఈలోగా నాన్న నాకో ఆర్డరు జారీ చేశాడు, పొద్దున్నే ఐదింటికి లేచి మైలు పరిగెత్తమని. 5.9 సంగతి అమ్మ చెప్పేసింది. ప్రస్తుతానికి అరమైలు దగ్గరే ఆగిపోతున్నాను.